సాక్సు వెనకాల నంబరు

"నంబరు ఏది?" అని అడిగినాడు బెంగుళూరు రిపేరాయన, సాక్సాఫోనుని వొళ్లో బోర్లించుకోని. నేను కాఫీ లోటాలు పట్టుకోని వాకిట్లోనే నిలబడిపోయినా.

"ఈడ, బొటనవేలు పెట్టే కొక్కెం కింద ఉండల్ల. కంపెనీవోళ్లు ఒకటి నుంచి వరసగా కొట్టుకుంటా వస్తారు. ఏ నంబరు దాకా ఏ సంవత్సరమో నాకు తెలుసు. అది చూస్తే ఇది ఏ ఏడు పుట్టిందో చెప్పేస్తా."

ఆ కొక్కెం కింద మా నాయన పేరుండాది. తమిళ అక్షరాల్లో, చుక్కలు చుక్కలుగా. కొట్టిచ్చింది నేనే.

నాయన తమిళనాడు ధర్మపురిలో బ్యాండు సెట్టులో సాక్సు వాయిస్తాడు. అది ఆయన గురువు, పోయేముందర చేతికిచ్చింది. పెద్ద యుద్ధానికి ముందరే తెల్లోళ్ల మిలిటరీ బ్యాండులో దీన్ని వాయించినానని గురువు చెప్పినాడంట. అదే సెట్టులో క్లారినెట్ వాయించే మా మామ, అంటే అమ్మ తమ్ముడు, నమ్మడు. నల్లంపల్లి కల్యాణానికి పోయినా, పెన్నాగరం గుడి తిరువిళా జాతరకి పోయినా, బస్సులో అదే పాట.

"బావా, మీ గురువు కతలు బాగా అల్లినాడు. యుద్ధం అయిపోయినాక ఏ పాతసామాన్ల అంగట్లోనో కొనుంటాడు."

నాయన నవ్వేస్తాడు. ఇంటికొచ్చి మాత్రం అన్నం సగంలో లేస్తాడు. సాక్సుల వయసు చెప్పే మనిషి వస్తున్నాడని తెలిసినప్పటి నుంచి ఎదురుచూస్తా ఉన్నాడు. మామని కూడా తానే పిలిపించుకున్నాడు, చెవులారా వినమని.

నేనేమి చేసినానంటే, పోయిన ఆయుధపూజకి సాక్సుని చింతపండేసి తళతళా తోమినా. తోముతా ఉంటే, ఇంట్లో చెంబు మీద, బిందె మీద, తాంబాళం మీద కూడా పేరుండాదే, పాపం దీనికి మాత్రం ఏల లేదు అనిపించింది. అనిపిస్తే నేను ఆగను గదా. గోనెసంచిలో చుట్టుకోని పాత్రల అంగడికి పోయినా. పేరు కొట్టే ఆయన, "ఈడేదో నంబరుంది పాపా, రుద్దేయనా?" అన్నాడు. ఇత్తడి బిందె మీద అంగడోళ్లు తూకం కొట్టరా, అదే అనుకున్నా. "రుద్దేయన్నా, తూకం మనకెందుకు" అని చెప్పింది నేనే. ఆకురాయి పెట్టి నున్నగా చేసినాడు. నాయన ఆ పేరు చూసి ఎంత మురిసినాడో. ఆ నంబరు సంగతి అప్పుడు ఆయనకీ తెలీదు.

రిపేరాయన అద్దం పెట్టి చూసి తల ఊపినాడు. "బాగా అరగదీసినారే. ఈ రకం యుద్ధానికి ముందరా చేసినారు, తర్వాతా చేసినారు. నంబరు లేకుండా ఏదీ చెప్పలేనన్నా."

"నంబరు చెరిపేసినారంటే దొంగసొత్తు గదా?" అన్నాడు మామ. "చూసినావా బావా, గురువుగారి మిలిటరీ ఇదే."

నాయన నా పక్క చూసినాడు. పొద్దస్తమానం వసపిట్ట మాదిరి వాగేదాన్ని, లోటాల్లో కాఫీనే చూస్తా నిలబడినా.

"నేనే రుద్దిచ్చినానప్పా, పేరు కొట్టిచ్చేదానికి" అన్నాడు నాయన మామతో. "నన్ను ఏమైనా అను. గురువుని అనొద్దు."

"నువ్వా? పదిమందిలో గొప్పలు చెప్పుకొనేదానికా?" అని మామ నవ్వినాడు. నాయన కూడా అవునన్నట్టు నవ్వినాడు.

ఆ సాయంత్రం అమ్మ, "ఏమే, ఈపొద్దు రేడియో పాడైపోయిందా?" అంది నన్ను చూసి. నాయన సాక్సుని పెట్టెలో పెడతా, "మంచిపేరే గదమ్మా కొట్టిచ్చినావు" అన్నాడు. తిట్టుంటే బాగుండు. గురువు మాట నిజమని చెప్పేదానికి ఉండింది ఆ ఒక్క నంబరే. దాన్ని తూకమనుకోని నేను రుద్దిచ్చేసినా.

తెల్లారి, నాయన ఇంకా లేవకముందరే పెట్టె తెరిచినా. ఇస్కూల్లో కాసు మీద కాయితం పెట్టి పెన్సిలుతో రుద్దితే బొమ్మ లేస్తుండె, అది గుర్తొచ్చింది. క్యాలెండరులో నిన్నటి కాయితం చించి కొక్కెం కింద పరిచి రుద్దినా. నాయన పేరు తెల్లగా లేసింది. అక్షరాల సందులో ఒక వంపు మాదిరి కనిపించింది. ఆరో, ఎనిమిదో, లేకుంటే ఆకురాయి గీతో. నేను ఆ వంపు మీదనే, కాయితం చినిగేదాకా రుద్దినా.