పై వరసలో చివరి తుపాకి

గూడూరు తుపాకుల కొట్టు పెద్దాయన పోయాడని పోయిన నెల ఒక పొద్దున ఆయన కొడుకు ఫోన్ చేసి చెప్పాడు. చిల్లకూరులో టీ తాగుతున్నవాణ్ని, గ్లాసు అలాగే పెట్టేశాను. రెండేళ్ల కిందట ఆయన్ని నేనొక మాట అన్నాను. దాన్ని వెనక్కి తీసుకోకముందే ఆయన వెళ్లిపోయాడు. ఇది రాస్తున్నది అందుకే.

ఆయన అమ్మేవి ఎయిర్ రైఫిళ్లు. గోడకు మూడు వరసలు. కింది వరసలో నాలుగైదు వేలవి, తోటల్లో కోతుల్ని బెదిరించేవాళ్లకి, తిరునాళ్లలో బెలూన్లు కొట్టించేవాళ్లకి. మధ్య వరసలో ఇరవై వేల చిల్లరవి, నేర్చుకునే పిల్లలకు. పైన రెండు లక్షలవి, పోటీలకు. జేబు చూసి వరస చూపించే మనిషి కాదాయన. ముందు కొట్టు వెనక సందులో గురికాగితం మీద అయిదు గుండ్లు కొట్టించి, ఆ కాగితం చూసి ఏ వరసో చెప్పేవాడు. కొన్నవాళ్ల కాగితాల మీద పేర్లు రాయించి ఒక ఇనప తీగకు గుచ్చి ఉంచేవాడు. పిట్టల్ని కొడతానన్నవాణ్ని మెట్టు కూడా ఎక్కనిచ్చేవాడు కాదు.

మా అమ్మాయి కాలేజీలో షూటింగ్ నేర్చుకుంటానంటే అక్కడికి తీసుకెళ్లాను. పై వరస చివర ఉన్నదాని ధర అడిగితే ఇరవై వేలన్నాడు. రెండు లక్షల సరుకు! బేరం కనిపిస్తే నా కాలు నిలవదు. ఆయన మాత్రం అమ్మబుద్ధి కావడం లేదన్నాడు. పులికాట్ ఒడ్డున ఒక జాలరి పడవ అమ్మి కొడుక్కి కొనిచ్చిన రైఫిల్ అది. ఆ కుర్రాడు సరస్సులో మునిగి చనిపోయాడు. దాన్ని ఇంట్లో ఉంచుకోలేక, వచ్చినకాడికి అమ్మిపెట్టమని తండ్రి ఇచ్చిపోయాడు.

నేను వదిలితే కదా. పట్టుబట్టి అమ్మాయి చేతికిప్పించాను. నడుమ నల్లచుక్కకే గురిపెట్టి కొట్టింది. అయిదు గుండ్లూ ఎడమవైపు కింద, ఒకే బొక్కలో పడ్డాయి. పెద్దాయన గురి మరలు తిప్పి సరిచేసి ఇచ్చాడు. మళ్లీ అక్కడే. అప్పుడాయన తీగ మీంచి ఒక పాత కాగితం తీసి, మా అమ్మాయి కొట్టిన కాగితం మీద పెట్టి వెలుతురుకు పట్టాడు. రెంటికీ ఒకే చోట బొక్క. పాత కాగితం మీద ఆ కుర్రాడి పేరుంది.

"ఇంకా ఆ పిల్లోడే కొడతా ఉండాడబ్బయ్యా," అన్నాడు మెల్లగా. "ఒకరి చేతిలో ఉండేదాన్ని ఇంకొకరికి ఎట్టా అమ్మేది?"

భయపడ్డవాడు భయమని ఒప్పుకుంటాడా? "కొత్తది రెండు లక్షలది అంటగట్టేదానికి కతలు చెప్తా ఉండావా?" అని అరిచేశాను. ఆయన ముఖం చిన్నబోయింది గానీ, కోప్పడలేదు. మధ్య వరసలోది ఒకటి దించి మా అమ్మాయి భుజానికి ఆనించి చూశాడు.

"పైదాంట్లో దుడ్డు పోసి కొనేది చివరాఖరి అరమార్కు. ఈ పాపకింకా పది మార్కులు రావాల. ఇది చాలు," అన్నాడు.

దానితోనే మా అమ్మాయి జిల్లా జట్టులోకి వచ్చింది. ఆ కొట్టు ముందు నుంచి ఎన్నిసార్లు పోయానో లెక్కలేదు. బండి దిగి తప్పయిందని ఒక్కమాట అనలేకపోయాను. పాడు పౌరుషం.

పదకొండో రోజు అమ్మాయితో వెళ్లాను. కొడుకు కొట్టు ఎత్తేస్తున్నాడు. ఆ రైఫిల్ని ఊరికే తీసుకుపొమ్మన్నాడు. చివరి నెలల్లో తండ్రి రోజూ కొట్టులో తన కుర్చీలో కూర్చుని దాన్ని ఒళ్లో పెట్టుకుని తుడిచేవాడట. చేతులు బాగా వణికేవట, అయినా ఇంకొకరిని తాకనిచ్చేవాడు కాదట.

తీసుకునే ముందు చూద్దామని అమ్మాయి సందులోకి వెళ్లి అయిదు గుండ్లు కొట్టింది. కాగితం తెచ్చి నా చేతికిచ్చింది. ఎడమవైపు కింద ఒక్కటీ లేదు. ఒకటి పై అంచున, ఒకటి కుడి మూలన, మిగిలినవి ఎటుపడితే అటు చెదిరిపోయి ఉన్నాయి.

"నా చెయ్యి వణకలేదు నాయనా," అంది.

వణకదని నాకు తెలుసు. ఆ కాగితాన్ని రెండు చేతులా పట్టుకుని, "తప్పయిపోయింది పెద్దాయనా," అన్నాను. కళ్లలో నీళ్లు ఆగలేదు. అమ్మాయి ఇంకో కాగితం తీసుకోబోయింది.

"చాలమ్మా. ఆయన్ని కూర్చోనీ."

అమ్మాయి రైఫిల్ని ఆయన కుర్చీలో మెల్లగా ఆనించింది. కుర్చీ కిర్రుమంది.