లిచ్ అంటే ఒళ్లు

ప్రొద్దుటూరులో మా బీరువా తెరిచినప్పుడల్లా ఎండిన వేపాకు వాసన గుప్పుమంటుంది. అది అబ్బ ఇంగ్లీషు నిఘంటువుది. మా నాయన తండ్రిని అబ్బ అనేవాళ్లం. జమ్మలమడుగులో ఇంగ్లీషు పంతులుగా చేసి, రిటైరయ్యాక పాత మాటల పుట్టుపూర్వోత్తరాలు తవ్వుకుంటూ కూర్చునేవాడు. పుస్తకానికి చెదలు పట్టకుండా జేజి, మా నాయనమ్మ, వేపాకు పెట్టేది.

వేసవి సెలవుల్లో ఉగ్గాని, మిరపకాయ బజ్జీ కడుపునిండా తిని, పెన్న ఒడ్డున దొరల సమాధుల తోటకు పోయి, పెంకుల కప్పున్న వాకిలి కింద, చల్లటి రాతి దిమ్మె మీద మేం ఆడపిల్లలం చింతగింజలాట ఆడేవాళ్లం. అబ్బ చూస్తే ఊరుకుంటాడా!

"ఏ పాపా, ఆడ కూచోవాకండి. అది పీనుగను దించే రాయి."

ఆ వాకిలిని లిచ్‌గేట్ అంటారట. శవాన్ని అక్కడ దించి పాదిరి కోసం ఆగేవారట.

"లిచ్ అంటే పీనుగ. శానా పాతకాలంలో వట్టి ఒళ్లు. బతికిండే ఒళ్లు గూడా లిచ్చే. యా పొద్దు మారిందో యెవురూ రాసిపెట్టల్యా" అనేవాడు. మన దింపుడు కళ్లం లాంటిదేనట అది. శ్మశానం దారిలో పాడె దించి, చనిపోయినవాళ్ల చెవిలో మూడుసార్లు పేరుపెట్టి పిలుస్తాం కదా, పలికితే ఇంటికి తెచ్చుకోవచ్చని.

ఆ వేసవిలోనే జేజి పోయింది. ఆడవాళ్లూ దింపుడు కళ్లందాకా నడిచే ఆచారం మాది. నాకు ఏడుపు రాలేదు. పిలిస్తే లేస్తుందని గట్టిగా నమ్మాను. పాడె దించారు. అబ్బ ఆమె చెవి దగ్గరికి వంగి, "ఏమే" అన్నాడు.

"పేరు పెట్టి పిలువప్పా" అన్నాడు ఎవరో పెద్దాయన.

"పేరంటే యెవురినో అనుకుంటాది. యాపొద్దు పిలిస్తి గనక!"

మళ్లీ "ఏమే" అన్నాడు. మూడోసారికి "ఆఁ" అని వినబడింది, వంటింట్లోంచి పలికినట్టే, కాస్త విసుగ్గా. చుట్టూ చూశాను. ఎవరూ ఉలకలేదు, పలకలేదు. అబ్బ వంగినవాడు వంగినట్టే చాలాసేపు ఉండి, లేచి, ఎవరి మొహమూ చూడకుండా "ఎత్తండప్పా" అన్నాడు. ఎత్తారు. పిరికిముండను, విన్నది చెప్పకుండా ఊరుకున్నాను.

ఇప్పుడా వాకిలి లేదు, రాతి దిమ్మె ఏమైందో తెలియదు. పీనుగను బండిలో పెట్టి నేరుగా తీసుకుపోతున్నారు, దారిలో దించేదీ లేదు, పిలిచేదీ లేదు. నాకొక్కదానికే వినబడిందని, చెప్పివుంటే జేజి దక్కేదని ఇన్నేళ్లూ కుమిలిపోయాను. మొన్న నిఘంటువు తీసి ఆ మాట వెదికాను. దాని పక్కన, వేపాకు ఈనె కింద, అబ్బ పెన్సిలు రాత.

"పలికింది."

ఎత్తమన్నది ఆయనే.