ఒక్క మందను నలుగురికి ఒప్పుకున్న వదిన

మొన్న మా అన్న మనుమరాలిని పట్టుకొని నల్లగొండ దవాఖానకు పోయిన. పట్టుకొని అంటే నిజంగనే చెయ్యి పట్టుకొని. పిల్ల కుర్చీల కుదురుగ కూసుంటలేదు. మొగనితోని మాట మాట అనుకున్నప్పటి సంది నిద్ర లేదు, నోటికి ఆగుడు లేదు, బజార్ల కనపడ్డదల్ల కొంటాంది. పోయిన వానకాలం గిదే పిల్ల గోడ దిక్కు మొకం పెట్టి పండుకొని, అన్నానికి లేపినా లేవలేదు. డాక్టరమ్మ అంతా విని, ఇది మనసు ఎక్కుడు దిగుడు జబ్బు, మందులున్నయి, భయపడకుండ్రి అన్నది. అని, మీ ఇంట్ల ఇంతకుముందు ఎవరికన్న గిట్లుండెనా అని అడిగింది. పిల్ల తండ్రి, అంటే నా మేనల్లుడు, నేను నోరు తెరవకముందే "ఎవరికీ లేదు మేడం" అన్నడు. లేదన్నోడు ఎవరి కడుపున పుట్టిండో నాకు తెలుసు కద. "ఉండె. వీని తల్లికే ఉండె" అన్న. డాక్టరమ్మకు బయట లైను పెద్దగుండె, పొట్టిగ చెప్పిన. మీకు జర తీరికున్నట్టుంది, పొడుగ్గ చెప్త.

మాది గొర్లోల్ల ఇల్లు, కట్టంగూరు దిక్కు ఊరు. నేను బడి తొందరగనే ఇడిసిపెట్టిన. బడిల ఉర్దూ, ఇంట్ల తెలుగు, మందకాడ ఈలలు. మూడోదే నాకు మంచిగ వచ్చింది. గీ రాసుడు గీసుడు పెద్దయినంక నా పిల్లల పలకల మీద నేర్చిన. అప్పుడు రజాకార్ల కాలం. మా అన్న దొరల మీద, నైజాం మీద తిరగబడి గుట్టల్ల దాగిన సంఘపోల్లకు సద్ది మోసేటోడు. గొర్లకాపరి గుట్టకు పోతే ఎవనికి అనుమానమొస్తది? వచ్చిన తిప్పలల్ల మా వదినతోనే. ఎప్పుడు పోతడో ఆమెకు చెప్పకపోయేటోడు. ఆడోల్ల నోట్ల నువ్వుగింజ నానదని ఆయన నమ్మకం. రచ్చబండ కాడ మొగోల్ల నోట్ల ఏం నానుతుండెనో ఆయన ఎన్నడు చూడలే.

వదిన అంటే నాకు పానం. ఆడబిడ్డనాయె, ఆమెను ఆటపట్టిచ్చుడు నా హక్కు. "వదినా, నీ మొగడు నిన్నిడిసి గొర్రెను చేసుకున్నడే" అంటే, "చేసుకోనీ, అది గడ్డి తింటది, నీ లెక్క నా బుర్ర తినది" అనేది. గా మాటలతోనే నాకు ఆమె పానం సంగతి తెలిసేది. ఒకటంటే ఒకటే తిరిగొస్తే మంచిగున్నట్టు. నేను ఒకటి అనేలోపల ఆమె నాలుగని ఇరగబడి నవ్విందంటే మనసు ఎక్కుతున్నట్టు. ఇగ జొన్నలన్ని ఇసుర్రాయిల ఇసిరేది, మా వాకిలి అలికి పక్కింటోల్ల వాకిళ్లు గూడ అలికేది, పాటలు, నవ్వులు, నిద్ర ముచ్చటే లేదు. అటెన్క దిగేది. గొంగడి కప్పుకొని పండితే అన్నం తలె ముంగట పెట్టినా చెయ్యి లేవకపోయేది. ఊరోల్లు గాలి సోకిందన్నరు, వేపమండలతోని దులిపిండ్రు. వదినకు ఏం కాలేదు, వేపచెట్టు బోడిగయింది.

పోలీస్ యాక్షన్ అయింది. రజాకార్లు పోయిండ్రు, మిల్ట్రీ వచ్చింది. మంచిగయితదనుకుంటే, గుట్టకు పోయేటోని మీద ఇప్పుడు వీల్ల కన్ను. ఒకనాడు పొద్దుగాల గా సంగతి మీదనే ఆలుమగలు కొట్లాడిండ్రు. "నేను సస్తే నీకెందుకు" అని, అన్న మందను తోలుకొని సక్కగ పోయిండు. వదిన కొంతసేపు తలుపుల నిలబడ్డది. తరువాత నవ్వుకుంట చేన్ల దిక్కు పోయింది. నేను మెల్లగ ఎనక పోవాల్సింది గని పొయ్యి మీద గటుక కుతకుత అంటుండె.

మాతాన మందను ఎవరి చేన్ల పండుకోబెడితే ఆ చేనుకు ఎరువు, మాకు బదులు గింజలు. దానికి వరుస ఉంటది. పొద్దు గుంకేయాలకు నలుగురు రైతులు మా వాకిట్లకొచ్చిండ్రు. ఇయ్యాల మంద నాదంటే నాదని. "నేను జొన్నలు గూడ పోసిన" అని ఒకాయన. "మీ కోడలే మాటిచ్చింది" అని మా బాపు మీదికి ఇంకొకాయన. గప్పుడే అన్న మందతోని దిగిండు. వదిన నడుమల నిలబడి, "కొట్లాడుడెందుకు? మీరు నలుగురు, గొర్రెకు నాలుగు కాళ్లు. కాలుకొకరు తీసుకోండ్రి" అన్నది. నేనొక్కదాన్నే నవ్విన. అంతటితోని ఆగితే మంచిగుండు. "నా మొగడు గుట్ట మీదోల్లకు సద్ది మోసి అలిసిపోయిండు, కాళ్లు కడుక్కోనియ్యుండ్రి" అన్నది.

నలుగురు నేల చూపులు చూసిండ్రు. గా సద్దిల వాళ్ల ఇండ్ల రొట్టెలు గూడ ఉండె, గందుకే బతికినం. జొన్నలు పోసినాయనకు మందనిచ్చి, మిగిలినోల్లకు బాపు వరుస పెట్టి తోలిండు. వాళ్లు పోంగనే అన్న, "రేపు దీన్ని తల్లిగారింటికి తోలుత. మల్ల రానియ్య. రేపు గిదే మాట మిల్ట్రీ ముంగట అంటే నా పీనుగ లేస్తది" అన్నడు. అన్నది అబద్ధం గాదు. అయినా అమ్మ అడిగింది.

"గొర్రెకు గాలికుంటు రోగమొస్తే ఏంజేస్తవురా?"

"నీడకు కట్టి పుండ్లు కడుగుత."

"ఎల్లగొట్టవు?"

"అది గొర్రెనే అమ్మా."

"మరి ఇది మనిషి. జర ఎక్కువనే చెయ్యాలె. నువ్వు కొట్లాడి చెప్పకుంట పోయినప్పుడే దీనికి గిట్లయితాంది. నాకు కండ్లు లేవనుకున్నవా?"

వదిన నవ్వు ఆగింది. "యాడికో చెప్పకు. ఎవరికోసమో చెప్పకు. పోయొస్త అని ఒక్క మాట చెప్పి పో" అన్నది.

తెల్లారి అన్న కట్టె పట్టుకొని తలుపుల నిలబడ్డడు, దగ్గిండు. చివరికి "పోయొస్త" అన్నడు. పెండ్లాన్ని చూసి గాదు, దర్వాజను చూసి. "దర్వాజ సరేనంటాంది అన్నా" అన్న నేను. వదిన గొంగడి లోపలినుంచి "నేను గూడ" అన్నది.

తల్లిగారింటికి పోలేదు. జబ్బు గూడ పోలేదు, అబద్ధమెందుకు. ఎక్కుడు దిగుడు బతికినన్నాళ్లు ఉండె, కాకపోతే గంత గట్టిగ రాకపోయేది. ఎక్కినప్పుడు ఉన్ని ఏకుడు ముంగటేసి ఒంటరిగ బయటికి ఇడువకపోదుము. దిగినప్పుడు నేను పక్కన కూసుండి నోరు మూసుకునేదాన్ని. నా బతుకుల అంత కష్టమైన పని ఇంకోటి చెయ్యలే. మంద కావాలన్న రైతులు, "ఇది మీ వదిన మాటనా, ఇంటి మాటనా" అని నన్నడిగి పోయేటోల్లు. అన్న మాత్రం తుమ్మకంపకు పోయినా చెప్పే పోయిండు. నైజాం జమాన, రజాకార్ల జమాన, మిల్ట్రీ జమాన, ఎన్నో చూసిన. ఒక్కటన్న పోయొస్త అని చెప్పి పోలేదు.