జనం మధ్య భోజనం చేసిన ఇందుమతి మేడమ్

ఇందుమతి మేడమ్ ఇక లేరు. గత గురువారం మధ్యాహ్నం గుంటూరు కొత్తపేటలోని ఒక ఆసుపత్రిలో ఆమె తుదిశ్వాస విడిచారు. వైద్యులు ముందే చెప్పారు. మేమూ మనసులను సిద్ధం చేసుకున్నామనే అనుకున్నాం. కానీ ఆ వార్తను ఒంగోలులోని మా కళాశాలకు ఫోనులో చెప్పవలసి వచ్చినప్పుడు నంబరు కలిపి ఫోను చెవికి ఆనించుకుని నిలబడిపోయాను. అవతల ప్రిన్సిపాల్ గారు "హలో, హలో" అంటూనే ఉన్నారు. చివరికి ఆయనే అర్థం చేసుకుని, "ఎప్పుడమ్మా?" అని మెల్లగా అడిగారు.

కళాశాల సంచికలో ఆమెను గురించి నాలుగు మాటలు రాయమన్నారు. రసాయనశాస్త్రంలో ఆమె పాండిత్యాన్ని గురించి, ప్రయోగశాలలో ఆమె పాటించిన క్రమశిక్షణను గురించి సాధికారంగా రాయగలవారు చాలామంది ఉన్నారు. నేను తెలుగు అధ్యాపకురాలిని. మూలకాల పట్టిక ఇప్పటికీ నాకు అయోమయమే. ఆమెతో నా సాహచర్యమంతా ఆదివారం మధ్యాహ్నాలది. దాదాపు పదేళ్లపాటు ఒకే హోటల్లో, ఒకే బల్ల దగ్గర కూర్చుని ఆమెతో భోజనం చేసిన భాగ్యం నాది. ఆ ఇందుమతి గురించే నేను చెప్పగలను.

పర్చూరు దగ్గర పొగాకు, మిరప పండించే రైతు కుటుంబంలో ఆమె పుట్టారు. చిన్నతనంలోనే తల్లిదండ్రులు గతిస్తే అన్నగారు సుబ్బారావు గారే పెంచి, చదివించి, పెళ్లి చేశారు. పెళ్లయిన మూడో ఏట భర్త రోడ్డు ప్రమాదంలో మరణించారు. పిల్లలు లేరు. మా కళాశాలలో ఉద్యోగం రాగానే ఒంగోలులో రెండు గదుల వాటా అద్దెకు తీసుకుని ఒంటరి జీవితం మొదలుపెట్టారు. వంట ఆమెకు రాదు. రాదని చెప్పుకోవడానికి సంకోచించేవారూ కాదు. "ల్యాబులో చుక్క తేడా రానివ్వను పద్మా. పొయ్యి దగ్గర మాత్రం ఉప్పు నా మాట వినదు" అనేవారు.

సముద్రపు చేప రుచి ఆమెకు భర్త వల్ల తెలిసింది. కొత్త కాపురంలో ఆయన ఆమెను కొత్తపట్నం తీసుకెళ్లి, ఒడ్డున ఒక పాకలో వంజరం ముక్కలు తినిపించారట. ఆ కొత్తపట్నం నుంచే వచ్చిన పోలయ్య గారు తొంభైల చివర ఒంగోలులో బస్టాండుకు దగ్గరగా చేపల హోటలు పెట్టారు. వంట ఆయన భార్యది, వడ్డన ఆయనది. పొగాకు వేలానికి వచ్చిన రైతులు, లారీ డ్రైవర్లు, గుమాస్తాలు అక్కడ భోంచేసేవారు. ఆడవాళ్లు వస్తే వెనుక పరదా కట్టిన చిన్న గది ఒకటి ఉండేది. దాని పేరు ఫ్యామిలీ రూము. మగతోడు లేకుండా వచ్చిన ఆడమనిషిని మాత్రం ఆ గది కూడా అప్పటికి చూడలేదు.

మేడమ్ మొదటిసారి ఒక్కరే వెళ్లి, నేరుగా హాలు మధ్యలో ఉన్న బల్ల దగ్గర కూర్చున్నారు. తరువాతి కాలంలో పోలయ్య గారే ఆ ముచ్చట నవ్వుతూ నాకు చెప్పారు. ఆయన కంగారుగా వచ్చి, "మేడంగారూ, లోపల ఫ్యామిలీ రూము ఉందండి. ఫ్యాను కూడా ఉంది" అన్నారట.

"చూశానండి. అక్కడ వెలుతురు లేదు. చీకట్లో ముల్లు కనపడదు" అన్నారట మేడమ్.

మాట సబబుగానే ఉంది. మరుసటి ఆదివారానికి పోలయ్య గారు ఆ గదిలో ట్యూబులైటు పెట్టించారు. మేడమ్ రాగానే పరదా తొలగించి మరీ చూపించారు. ఆమె లోపలికి తొంగి చూసి, "చాలా బాగుంది పోలయ్య గారూ" అని, వచ్చి మళ్లీ హాల్లోనే కూర్చున్నారు. ఆయన నొచ్చుకున్నారని గ్రహించి అప్పుడు నిజం చెప్పారు.

"మీరు నా కోసం శ్రమపడ్డారు. కానీ నాకు నలుగురి మధ్య కూర్చుని తినాలని ఉంటుందండి. ఇంట్లో ఎలాగూ ఒక్కదాన్నే తింటాను కదా."

"ఆ మాట విన్నాక ఇంకేం అంటామమ్మా. వెళ్లి పులుసు తెచ్చాను" అని ముగించేవారు పోలయ్య గారు.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో హాస్టలు భోజనంతో విసిగి మంచి తిండికి మొహం వాచి ఉంటే, ఆమె నన్ను వెంటబెట్టుకెళ్లారు. మాది పత్తి చేలు తప్ప నీటి చుక్క కనపడని ఊరు. చేపంటే నాకు భయం. గుచ్చుకుంటుందేమోనని ముక్కను కెలుకుతుంటే ఆమె తన పళ్లెం నా వైపు జరిపి, "తొందరపడకు. చేపను తినేటప్పుడు వేరే ఆలోచన పెట్టుకోకూడదు. అందుకే నాకిష్టం" అన్నారు. ముల్లు ఎటువైపు పోతుందో వేలితో తడిమి చూపించారు. వేలెడంత నెత్తళ్ల వేపుడు మాత్రం ముల్లుతో సహా నమిలెయ్యమన్నారు. ఆ రోజు నేను తిన్న తిండికి పోలయ్య గారి భార్య వంటగది గుమ్మంలోకి వచ్చి చూశారు.

మేడమ్‌కు నచ్చనిదాన్ని నచ్చినట్టు చెప్పడం చేతకాదు. ఒకసారి రొయ్యల కూర ముద్ద నోట పెట్టగానే చెయ్యి కడుక్కుని వంటగదిలోకి వెళ్లారు. గొడవ పెట్టుకుంటారేమోనని నేనూ వెనకే లేచాను. లోపల ఆమె, "అమ్మా, ఒంట్లో బాగోలేదా ఇవాళ?" అని అడగడం వినపడింది. నిజమే, ఆ ఇల్లాలికి రెండు రోజులుగా జ్వరం. కూర ఎందుకు చెడిందని ఎవరైనా అడుగుతారు. వండిన మనిషికేమైందని అడగడం ఆమె సంస్కారం. ఆ మధ్యాహ్నం డాక్టరు దగ్గరికి ఆ ఇల్లాలిని తీసుకెళ్లింది మేడమే.

చూపులు లేకపోలేదు. మాటలూ పడ్డాయి. భర్త పోయిన మనిషి మగవాళ్ల మధ్య కూర్చుని చేపలు తింటుందని స్టాఫ్ రూములోనే గుసగుసలు నడిచాయి. ఆమె విననట్టే ఉండేవారు. ఆమెను నిజంగా బాధపెట్టిన సంఘటన ఒక్కటే.

ఒక ఆదివారం సుబ్బారావు గారు పొగాకు వ్యాపారులతో కలిసి ఆ హోటలుకే వచ్చారు. హాలు నడుమ, లారీ డ్రైవర్ల పక్క బల్ల దగ్గర చెల్లెలు కనపడింది. మేడమ్ ముఖం వికసించింది. "అన్నయ్యా, రా, కూర్చో. ఇవాళ చందువా చేప బాగుంది" అన్నారు.

ఆయన కూర్చోలేదు. "నీకు ఇల్లు లేదా ఇందూ?" అన్నారు. గట్టిగా కూడా అనలేదు. తనతో వచ్చినవాళ్లను తీసుకుని వెనుదిరిగి వెళ్లిపోయారు. మేడమ్ తల వంచుకుని ముల్లు తీస్తూనే ఉన్నారు. తీసిన ముక్కలన్నీ పళ్లెం అంచున పేరుకున్నాయి గాని ఒక్కటీ నోటికి పోలేదు. "నువ్వు తిను, చల్లారితే బాగుండదు" అన్నారు నాతో.

ఇంటికి నడిచి వెళ్తుండగా, "అన్నయ్యకు వచ్చింది కోపం కాదు పద్మా, భయం. నన్నెవరైనా ఏమైనా అంటే ఎవరికి జవాబు చెప్పాలోనని. చిన్నప్పటి నుంచీ ఆయనకు ఆ భయమే" అన్నారు. మళ్లీ ఆదివారం వెళ్తారా అని నేను అడగలేకపోయాను. వెళ్లారు. కొన్నేళ్లపాటు అన్నగారి దగ్గర్నుంచి కబురు లేదు. పండుగలకు వదినగారు మాత్రం ఆయన పొలం వెళ్లిన వేళ చూసి ఫోను చేసేవారు.

ఆ కొన్నేళ్లలో హోటల్లోనూ మార్పు వచ్చింది. ఆసుపత్రి నర్సులు ముగ్గురు మా పక్క బల్లకు రావడం మొదలుపెట్టారు. తరువాత పరీక్షలు ముగిసిన రోజున మా విద్యార్థినులు గుంపుగా వచ్చి, మమ్మల్ని చూసి నాలుక కరుచుకుని, అయినా కూర్చున్నారు. మేడమ్ దీన్నొక విజయంగా ఎన్నడూ చెప్పుకోలేదు. జనం ఎక్కువై వడ్డన ఆలస్యమవుతోందని మాత్రం విసుక్కునేవారు.

సుబ్బారావు గారికి చేతుల వణుకు జబ్బు వచ్చింది. ఒంగోలులో డాక్టరుకు చూపించుకోవడానికి వదినగారు బలవంతాన చెల్లెలి ఇంటికి పంపారు. ఆదివారం మేడమ్ ఆయన్ను పోలయ్య హోటలుకే తీసుకొచ్చారు. నేనూ ఉన్నాను. ఆయన గుమ్మంలో ఆగి హాలంతా చూశారు. వణుకుతున్న చేతిని పంచె మడతలో దాచుకుని, "లోపల గదేదో ఉందన్నారు. అక్కడ కూర్చుందామా అమ్మా?" అన్నారు.

అన్నేళ్లుగా ఆ పరదా దాటని మనిషి, "పద అన్నయ్యా" అని ముందు నడిచారు. లోపల ఆయన పళ్లెంలో చేపముక్క విప్పి, ముల్లు ఏరి, చిన్న చిన్న ముద్దలకు సరిపడా పక్కన పెట్టారు. ఆయన చెంచాతో తింటూ, సగంలో ఆగి, "ఆ రోజు నేను..." అన్నారు.

"చల్లారిపోతుంది అన్నయ్యా, తిను" అన్నారామె.

ఆయన కళ్లు తుడుచుకున్నారు. కారం ఎక్కువైందని పోలయ్య గారితో చెప్పారు. నమ్మినట్టే తలూపి ఆయన పెరుగు తెచ్చిపెట్టారు. తన పట్టుదల తనకు ఎంత ముఖ్యమో, తనవారి అభిమానం అంతకంటే ఎంత ముఖ్యమో ఆమెకు స్పష్టంగా తెలుసునని నాకు ఆ రోజు అర్థమైంది.

విధి ఆమెను గొంతు దగ్గరే దెబ్బకొట్టింది. నిరుటి వర్షాకాలంలో ముద్ద దిగడం లేదన్నారు. అన్నవాహికలో క్యాన్సరని తేలింది. గుంటూరులో శస్త్రచికిత్స జరిగినా ఫలితం దక్కలేదు. చివరి వారాలన్నీ గొట్టం ద్వారా పోసే ద్రవాహారమే. సుబ్బారావు గారు, నేను వంతులవారీగా దగ్గరున్నాం. ఒక మధ్యాహ్నం ఆమె, "అన్నం తిన్నావా?" అని సైగ చేశారు. తినబుద్ధి కావడం లేదన్నాను. వినీవినపడని గొంతుతో, "వెళ్లి మంచి హోటల్లో తిను. తిని వచ్చి నాకు చెప్పు" అన్నారు.

"మీరిలా ఉంటే నేనెలా తినగలను మేడమ్?"

"నువ్వు తినకపోతే నాకెవరు చెప్తారు?"

ఆనాటి నుంచి అది నా నిత్యకృత్యమైంది. ఊరికే బాగుందంటే ఒప్పుకునేవారు కాదు. వడ్డించిందెవరు, పక్కన కూర్చున్నదెవరు, ముందు పులుపు తగిలిందా కారం తగిలిందా అన్నీ చెప్పాలి. లాలాపేటలో ఒక సాయిబు గారి హోటల్లో బిర్యానీ తిని వచ్చాను. "దమ్ము ఇప్పుడే తీస్తన్నామమ్మా, కూర్చోండి" అని ఆ పెద్దాయన నన్ను కూర్చోబెట్టిన తీరు, మూత తీయగానే వచ్చిన పరిమళం వర్ణించి చెప్తే ఆమె కళ్లు మూసుకుని విన్నారు. పత్తి వ్యాపారుల కోసం మార్వాడీ కుటుంబం నడిపే భోజనశాలలో ఒక ముసలామె వద్దంటున్నా రొట్టె మీద నెయ్యి పోసిన సంగతి చెప్పాను. బ్రాడీపేటలో కొత్తగా పెట్టిన చైనా వంటకాల హోటలుకు ఆమే పంపారు. ఆ నూడుల్సు ఫోర్కుకు చుట్టుకోక, చుట్టుకున్నవి నోటికి చేరక, చివరికి చేత్తో తిన్నానని చెప్తే ఆమె శబ్దం లేకుండా, మంచం కదిలేలా నవ్వారు. ఏమైందోనని నర్సు పరుగెత్తుకుంటూ వచ్చింది.

గురువారం కూడా వెళ్లమన్నారు. తిరిగి వచ్చేసరికి సుబ్బారావు గారు వరండాలో నిలబడి ఉన్నారు. "నువ్వెళ్లాక నిద్రపట్టిందమ్మా. నిద్రలోనే పోయింది" అన్నారు.

గొప్ప అధ్యాపకులు మళ్లీ వస్తారు. ఆమె ఖాళీ చేసిన ప్రయోగశాలలోకి సమర్థులెవరో వస్తారు. ఎదుటివారి పళ్లెం వైపు అంత ఆప్యాయంగా చూసే మనిషి మాత్రం నాకీ జన్మలో మళ్లీ తారసపడరు. కన్నీటితో అర్పించే నివాళిని ఆమె మెచ్చరని తెలుసు. ఆ గురువారం తిని వచ్చి చెప్పవలసినది నాలోనే ఉండిపోయింది గనుక, దాన్నే ఆమెకు అర్పిస్తున్నాను.

మేడమ్, అది నిజాంపట్నం వాళ్ల హోటలు. వీధి చివర, మెట్లెక్కి వెళ్లాలి. నా ఎదురుగా ఒక తాతగారు, మనవరాలు కూర్చున్నారు. ఆ పిల్ల పీత కాలు కొరకలేక తాతకిస్తే ఆయన పళ్లు లేవని నవ్వారు. చేప తాజాగా ఉంది. ముందు పులుపు తగిలింది, కారం తరువాత మెల్లగా వచ్చింది. ముల్లు ఒక్కటి కూడా గుచ్చుకోలేదు. చాలా బాగుంది మేడమ్. అడిగి రెండోసారి అన్నం పెట్టించుకున్నాను.