చదివించకుండా తిని వెళ్లినవాడు

పక్కిరిసామి కొబ్బరికాయలు ఒలిచేవాడు. పేరావూరణి చుట్టుపక్కల అతని గునపం దిగని తోట లేదు. గునపాన్ని నేలలో నిలువుగా పాతి, దాని మొన మీద కాయను గుచ్చి, భుజం బలమంతా పెట్టి తిప్పితే పీచు ఊడి పక్కన పడేది. పొద్దున చద్దన్నం తిని నిలబడ్డవాడు పొద్దు వాలేదాకా అలాగే నిలబడేవాడు. జీవితమంతా అలా నిలబడి మోకాళ్లు అరగదీసుకున్నాడు. ఇంతా చేసి కూడబెట్టింది ఏమిటయ్యా అంటే ఒక పెంకుటిల్లు, ఒక మంచి పేరు. ఇల్లు వానకు కారేది. పేరు మాత్రం గట్టిది.

ఆ పేరు చదివింపుల వల్ల వచ్చింది. ఆ ఊళ్లలో డబ్బు అవసరం పడ్డవాడు బ్యాంకుకు వెళ్లడు, మేకలు బేరమాడతాడు. ఆడి నెల, అంటే ఆషాఢం, రాగానే పందిరి వేసి, మాంసం కూర వండించి, చుట్టుపక్కల ఊళ్లన్నింటినీ విందుకు పిలుస్తాడు. వచ్చినవాళ్లు తిని, చెయ్యి కడుక్కుని, తలా కొంత చదివించి పోతారు. ఆ డబ్బుతో బోరే వేయించుకుంటాడో, ఆపరేషనే చేయించుకుంటాడో అతని ఇష్టం. రేపు వాళ్లింట్లో విందు జరిగిననాడు మాత్రం వాళ్లు పెట్టింది తిరిగి పెట్టాలి, పైన మరికొంత కలపాలి. ఆ కలిపింది మళ్లీ వాళ్ల మీద బాకీ. వడ్డీ లేదు, సంతకం లేదు. ఒకసారి విందు పెట్టినవాడు అయిదేళ్లదాకా మళ్లీ ఆ ఊసెత్తకూడదు. అక్కడ బ్యాంకుకు ఎగ్గొట్టినవాణ్ణి గడుసువాడంటారు. చదివింపు ఎగ్గొట్టినవాడి ఇంట్లో మంచినీళ్లు కూడా ముట్టరు.

పక్కిరిసామి కుర్రతనంలో ఇంటికప్పు కోసం ఒకే ఒక్కసారి విందు పెట్టాడు. అప్పట్నుంచి ఎక్కడ పిలుపొచ్చినా, ఇంట్లో గింజలున్నా లేకున్నా, వెళ్లి పెట్టవలసింది పెట్టి, పైన కలపవలసింది కలిపి వచ్చేవాడు. "నా చెవులకి వేపపుల్లలే గతి గానీ, ఊరందరికీ పెట్టడానికి మాత్రం నీ చెయ్యి పెద్దది" అని భార్య కామాక్షి బతికున్నన్నాళ్లూ దెప్పుతూనే ఉండేది. ఆవిడ దెప్పినా మానలేదు, ఆవిడ పోయాకా మానలేదు. మోకాళ్లు మొరాయించి తూర్పు ఊళ్లదాకా నడవలేకపోయాక, డబ్బు చేతిరుమాల్లో మూటగట్టి కొడుకును మోపెడ్ మీద పంపేవాడు.

ఆ కొడుకు పేరు కదిరేశన్. చెడ్డవాడు కాడు. ఈ మాట ముందే చెప్పాలి, తర్వాత చెబితే ఎవరూ నమ్మరు. కాయలు తోలడానికి అప్పుచేసి చిన్న లారీ కొన్నాడు. లారీకి వేసిన పూలదండ వాడిపోకముందే తుఫాను వచ్చి తోటలన్నింటినీ నేలకు పడగొట్టింది. తోలడానికి కాయల్లేవు గానీ కిస్తీ మాత్రం తేదీ తప్పకుండా వచ్చేది. కిస్తీ కట్టడానికి వారం వడ్డీ వాడి దగ్గర తెచ్చాడు. వారం వడ్డీ కట్టడానికి పెళ్లాం పేరు మీద గ్రూపు అప్పు తీయించాడు. అది కట్టడానికి ఆమె మెడలోది తాకట్టు పెట్టాడు. చివరికి లారీని ఫైనాన్స్ వాళ్లు పట్టుకుపోయారు, అప్పులు మాత్రం ఇంట్లోనే ఉండిపోయాయి. తండ్రికి ఇందులో ఒక్క ముక్క తెలియదు. కొడుకుది వీధి చివర వేరే కాపురం. ఆదివారం చేపల కూర వచ్చేది, పిల్లలు వచ్చి మీదెక్కి ఆడేవాళ్లు, బాగానే ఉన్నారనుకున్నాడు.

ఎండాకాలం ఒక మిట్టమధ్యాహ్నం కోడలు వెణ్ణిలా నేరుగా తోటలోకే వచ్చింది. కొంగు చాటు నుంచి ఒక సీసా తీసి అతను ఒలిచిన కాయల పక్కన పెట్టింది. పైరుకు కొట్టే పురుగుల మందు. మూత ఇంకా తీయలేదు.

"మావా, ఇది బియ్యం డబ్బాలో దొరికింది. నేను పారేస్తే ఆయన ఇంకోటి కొంటాడు. అందుకని నీకు తెచ్చా."

ఆమె ఏడవలేదు. ఏడ్చే దశ ఎప్పుడో దాటిపోయినట్టుంది. గురువారం వస్తే గ్రూపు ఆడవాళ్లు గుమ్మంలో కూర్చుంటారనీ, డబ్బు కట్టేదాకా లేవరనీ, పోయిన వారం అందులో ఒకావిడ పొయ్యి మీది అన్నం గిన్నె దింపి పిల్లల కళ్లముందే వాకిట్లో పెట్టిందనీ చెప్పింది. ఆయన ఆ టైముకు ఎటో వెళ్లిపోతాడట. పొద్దుపోయాక వచ్చి, పిల్లల పక్కన పడుకుని, వాళ్ల తలలు నిమురుతూ ఉంటాడట. ఆ నిమరడం చూస్తేనే భయమేస్తోందంది.

పక్కిరిసామి అక్కడే గొయ్యి తీసి సీసాను పాతిపెట్టాడు. ఆ పూట ఇంక కాయ ముట్టలేకపోయాడు. ఒక్కగానొక్క కొడుకు. ఆ వయసులో వాడి శవం ముందు తనే కుండ పట్టుకుని నడవాల్సి వస్తుందేమోనని భయపడ్డాడు.

సాయంత్రం కొడుకును పిలిపించి, తిట్టకుండా ఎదురుగా కూర్చోబెట్టుకున్నాడు. ఎవరెవరికి ఎంతెంతో ఒక్కొక్కటీ చెప్పించాడు. ఎనిమిది లక్షల చిల్లర తేలింది.  ముసలాయన, వచ్చే ఆడి నెలలో విందు పెడదామన్నాడు. తను ఇన్నేళ్లూ ఊళ్ల మీద పెట్టుకున్నది తిరిగొస్తే, కొత్తగా చదివించేవాళ్లది కలిస్తే, గట్టెక్కుతామన్నాడు. చివర్న ఇలా అడిగాడు:

"ఇంకేమైనా ఉందిరా?"

"లేదు నాన్నా, ఇంతే."

"చూడు, ఈ విందు ఒక్కసారే. మళ్లీ పెట్టాలంటే అయిదేళ్లు పడుతుంది, అప్పటికి నేనుంటానో లేదో. సిగ్గుపడి ఏదైనా దాచావనుకో, అదే నిన్ను తినేస్తుంది."

కదిరేశన్ నేలచూపులు చూస్తూ, లేదన్నాడు. అప్పుల్లో మునిగినవాడు అన్నీ విప్పి చూపించి ఆ ఆఖరిది ఒక్కటి ఎందుకు దాస్తాడో ఆ భగవంతుడికే తెలియాలి. వైద్యుడికి పుండు చూపించడానికి వచ్చి గుడ్డ సగమే విప్పేవాణ్ణి ఏమనాలి?

పక్కిరిసామి మోకాళ్లకు గుడ్డలు చుట్టుకుని ఊరూరా తిరిగి పిలిచాడు. తూర్పు ఊళ్లకు బస్సులో వెళ్లాడు. అక్కడివాళ్లు కాఫీ ఇవ్వకుండానే, సరే వస్తామన్నారు. ఎండన పడి పనుల్లో ఉన్నారు పాపం అనుకున్నాడు. అతని బుద్ధికి అంతకు మించి తట్టలేదు.

విందు రోజు వంటవాళ్లు తెల్లారకముందే పొయ్యిలు రాజేశారు. పది గంటలకు పందిరి నిండింది. జనం బంతులు బంతులుగా లేస్తున్నారు, చదివింపుల బల్ల దగ్గర బారు కడుతున్నారు, మైకులో పేర్లు వినిపిస్తున్నాయి. ఎప్పుడో మరిచిపోయిన వాళ్లు కూడా వెతుక్కుంటూ వచ్చి, పైన కలిపి పెడుతున్నారు. "నీ చేతి డబ్బు మా ఇంట నిలిచిందయ్యా" అని ఒక ముసలమ్మ అతని గడ్డం పట్టుకుంది. బల్ల పక్కన కుర్చీలో కూర్చున్న పక్కిరిసామికి చాలా ఏళ్ల తర్వాత కడుపునిండా గాలి పీల్చినట్టయింది. కదిరేశన్ కూర బకెట్టు పట్టుకుని, వద్దన్నవాళ్లకు కూడా వడ్డిస్తున్నాడు. వాడి మొహం మీద నవ్వు చూసి తండ్రి కళ్లు తుడుచుకున్నాడు.

అప్పుడు తూర్పు ఊళ్లవాళ్లు వచ్చారు. ముందు రెంగయ్యన్, వెనక మరో ముగ్గురు. విస్తళ్ల వైపు కన్నెత్తి చూడకుండా నేరుగా బల్ల దగ్గరికి నడిచారు. విందుకొచ్చి తినకుండా నిలబడ్డారంటే విషయం మంచిది కాదని అక్కడ పసివాడికి కూడా తెలుసు. 

"తిని అడగడం బాగుండదని తినకుండా వచ్చా, పక్కిరిసామన్నా" అన్నాడు రెంగయ్యన్. "నీ ఇంటికప్పుకి నేను చదివించా. ఇన్నేళ్లలో మొదటిసారి పోయినేడు నేను విందు పెడితే మీ ఇంటి మనిషి వచ్చి తిన్నాడు. చదివించకుండా పోయాడు. వీళ్ల ముగ్గురిళ్లలోనూ అంతే. పెద్దవాడివి, మరిచిపోయావేమోలే అని ఏడాది నోరు మూసుకున్నాం. ఇవాళ నువ్వే విందు పెట్టి దండుకుంటుంటే, ఇంకెప్పుడు అడగమంటావు?"

మైకువాడు మైకు ఆపేశాడు. పక్కిరిసామికి చేతిరుమాలు మూటలు గుర్తొచ్చాయి. నాలుగు ఊళ్లకి నాలుగు మూటలు, తన చేత్తో కట్టి, కొడుకు చేతిలో పెట్టినవి. తల తిప్పి చూశాడు. బంతి మధ్యలో కదిరేశన్ గరిటె గాల్లో పట్టుకుని నిలబడిపోయాడు.  అడగాల్సిన పని లేకపోయింది.

బారులోంచి ఒకాయన పైకే అన్నాడు, డబ్బు తిన్నది పెద్దాయనా, కొడుకా తేలాలని. పెద్దాయన ఇంకెన్నాళ్లుంటాడు, రేపు మనందరికీ తిరిగి పెట్టాల్సింది ఆ కుర్రాడే కదా అన్నాడు. అది విని ఇద్దరు తీసిన నోట్లు మళ్లీ మొలలో దోపుకున్నారు. పక్కిరిసామికి మొత్తం అర్థమైంది. ఆ తప్పు కొడుకుదని తేలితే ఈ పూట పైసా రాలదు. విందు ఇక్కడితో ఆగిపోతుంది. గురువారం గుమ్మంలో మళ్లీ ఆడవాళ్లు కూర్చుంటారు, ఆ సీసా మళ్లీ ఇంటికొస్తుంది.

అతను కొడుకు వైపే చూశాడు. జనమంతా తన నోటి వైపు చూస్తున్నా, కొడుకు వైపే చూస్తూ చాలాసేపు ఉండిపోయాడు. కదిరేశన్ తల వంచుకున్నాడు. తర్వాత గరిటె బకెట్లో ముంచి, పక్క విస్తట్లో కూర వేశాడు.

పక్కిరిసామి కుర్చీ చేతులు పట్టుకుని లేచాడు.

"వాడు కాదు. డబ్బు నేనే పంపలేదు. తిని వచ్చెయ్యమని చెప్పింది నేనే. ఇంట్లో ఇబ్బందిగా ఉండె, ముసలాడు మరిచిపోయాడులే అనుకుంటారనుకున్నా. పిల్లాడి మీద వెయ్యకండి."

వెనక ఎవరో నవ్వారు. ఇన్నాళ్లూ పెట్టిందంతా ఈ నాలుగు విందుల్లో నొక్కెయ్యడానికేనా అని ఇంకెవరో అన్నారు. ఇందాక గడ్డం పట్టుకున్న ముసలమ్మ మొహం తిప్పుకుంది. పక్కిరిసామి డబ్బుపెట్టె తెరిచి నలుగురికీ పెట్టాల్సింది, కలపాల్సింది లెక్కపెట్టి ఇచ్చాడు. రెంగయ్యన్ డబ్బు తీసుకుని కూడా కదల్లేదు. అతను నమ్మాడో లేదో చెప్పలేం. "నీ నోటివెంట ఈ మాట వింటాననుకోలేదన్నా" అని, మంచినీళ్లు కూడా ముట్టకుండా వెళ్లిపోయాడు.

బారు మళ్లీ కదిలింది. మొలలో దోపుకున్న నోట్లు బయటికొచ్చాయి. కానీ బల్ల దగ్గరికి వచ్చిన ప్రతివాడూ ఒకటే మాట అన్నాడు: కదిరేశన్ పేరున రాయి, ఆయన పేరున వద్దు. మధ్యాహ్నమంతా మైకులో కొడుకు పేరే మోగింది. పక్కిరిసామి ఆ కుర్చీలోనే కూర్చుని వచ్చినవాళ్లందరికీ చేతులు జోడించాడు. తిరిగి దణ్ణం పెట్టినవాళ్లు తక్కువ.

ఆ వారంలోనే గ్రూపు అప్పు తీరింది. వారం వడ్డీ వాడి నోరు మూతపడింది. వెణ్ణిలా మెడలోది మెడలోకి వచ్చింది. ఫైనాన్స్ వాళ్లది మాత్రం లక్షకు పైన మిగిలిపోయింది. ఊళ్లో తోటలవాళ్లు పక్కిరిసామిని పనికి పిలవడం మానేశారు. ఎవరూ మొహం మీద ఏమీ అనలేదు, పిలవలేదంతే. అతను కాయల వర్తకుడి దగ్గరికి వెళ్లి, పొల్లాచ్చి తోటల్లో ఏడాది పాటు ఒలిచేటట్టు మాట ఇచ్చి అడ్వాన్సు తీసుకున్నాడు. అరిగిన మోకాళ్లతో అంత పని ఎలా చేస్తావని వర్తకుడు అడిగితే, ఒలిచేది చేతులతో కదా అన్నాడు. ఆ డబ్బుతో ఆఖరి అప్పు కూడా తీరింది.

బయల్దేరే రోజు కదిరేశన్ బస్టాండు దాకా దింపడానికి వచ్చాడు.  బస్సు కోసం నిలబడ్డప్పుడు వాడు ఉన్నట్టుండి తండ్రి చెయ్యి పట్టుకున్నాడు.

"నాన్నా, ఆరోజు చెప్పేద్దామనే అనుకున్నా. నోటిదాకా వచ్చింది కూడా."

"తెలుసురా" అన్నాడు పక్కిరిసామి. "అందుకే అంతసేపు ఆగాను."