చారి బాపు కర్రకు ఆముదం

ఒక మంచి మనిషి బతుకుదెరువును గరిటెడు ఆముదంలో ముంచబోయిన ఘనుణ్ణి నేను. ఎలాగో చెబుతాను, నవ్వుకోండి. మా పిల్లలకు మాత్రం చెప్పకండి. ఇంట్లో నా పరువు ఇప్పటికే అంతంతమాత్రం.

ఇబ్రహీంపట్నంలో మల్లాచారి అనే వడ్రంగి ఉండేవాడు. అందరికీ చారి బాపు. ఊళ్లోకి రెడీమేడ్ తలుపులొచ్చాక ఆయనకు పని తగ్గిపోయింది. నాకేమో అప్పట్లో పూల్ ఆట పిచ్చి. బల్ల మీది రంగు బంతుల్ని పొడవాటి కర్రతో పొడిచి గుంతల్లో పడేసే ఆటన్నమాట. మా జతగాళ్లలో నేనే ఛాంపియన్ని. ఏ చెట్టూ లేని చోట ఆముదం చెట్టే మహావృక్షమంటారే, ఆ లెక్కన. (ఈ ఆముదాన్ని గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.)

ఒకరోజు విరిగిన పూల్ కర్రొకటి తీసుకెళ్లి చారి బాపుకు చూపించాను.

"గింతేనా? గొడ్డలికి కామ పెట్టెటోనికి గిదొక లెక్కనా!" అని, పాత తలుపు టేకుతో అచ్చం అలాంటిదే చేశాడు. ఆట ఎన్నడూ చూడని మనిషి! నేను ఆగుతానా? హయత్‌నగర్‌లో పూల్ బల్లలు నడిపే ఖాజా భాయ్ దగ్గరికెళ్లి గొప్పలు చెప్పాను.

"తీస్కరా. మంచిగుంటే మా షాపు కర్రలన్నీ ఆయనతోనే చేపిస్త" అన్నాడు.

వచ్చి ఆ మాట చెప్పగానే చారి బాపు ముఖం వెలిగిపోయింది. "శీనూ, గిది కుదిరితే నా చేతికి మళ్ల పని దొరుకుతది రా. కర్ర నీ దగ్గరుంచు, పొద్దుగాల పోదాం. జర పైలం."

"ఫికర్ చెయ్యకు బాపూ, నేనున్న గద!"

అసలు ఫికరే అది.

ఇంటికి తెచ్చి చూస్తే కర్ర నా కంటికి వెలవెలబోతున్నట్టుంది. పక్కనే మా తాత చేతికర్ర నిగనిగలాడుతోంది. తాత దానికి ఆముదం పట్టించేవాడు. ఇంకేముంది! పెళ్లికొడుకుకు నలుగు పెట్టినట్టు పూల్ కర్రకు పైనుంచి కింద దాకా ఆముదం మర్దన చేశాను. కర్ర మెరిసింది. నేను మురిసిపోయాను.

మర్నాడు కర్రను నా తువ్వాలలో చుట్టి పట్టుకున్నాను, ఇద్దరం బస్సెక్కాం. "ఏందన్నా అది, గాలం కట్టెనా?" అన్నాడు కండక్టర్.

"కాదు బిడ్డా, పూల్ కర్ర. నేనే చేసిన" అన్నాడు చారి బాపు, ఛాతీ విరుచుకుని.

ఖాజా భాయ్ ఆ రోజే బల్లకు కొత్త పచ్చ బట్ట వేయించాడు. "కొట్టి చూపియ్యి" అన్నాడు. నేను ఛాంపియన్ లెక్క వంగి, ఒక కన్ను మూసి, బలమంతా పెట్టి పొడిచాను. తెల్లబంతి ఉన్నచోటే ఉంది. కర్ర మాత్రం నా చేతుల్లోంచి సర్రున జారి, గల్లాపెట్టె మీది చాయ్ గ్లాసును పగలగొట్టి, గోడకు గుద్దుకుని కిందపడింది. కొత్త బట్ట మీద ఈ కొస నుంచి ఆ కొస దాకా నూనె చార!

"ఏం కర్ర తెచ్చినవ్ రా! ఆటకొచ్చినవా, వేటకొచ్చినవా?" ఖాజా భాయ్ అరిచాడు. "చారీ, తీస్కపో నీ కట్టె!"

చారి బాపు ముఖంలో నెత్తురుచుక్క లేదు. కర్ర తీసి, తడిమి, వాసన చూశాడు.

"శీనూ... ఆముదం పట్టిచ్చినవా?"

"మెరుస్తదని, బాపూ..."

"మెరుస్తదనా? దానికేమన్నా కడుపు సాఫ్ గాలేదా రా?"

పూసింది కర్రకైనా, ఆముదం తాగిన ముఖం నాది. అది చూసి ఖాజా భాయ్ పగలబడి నవ్వాడు. ఆ సందులో చారి బాపు భుజం మీది తువ్వాలతో కర్రను బరబరా తుడిచి, జేబులోని గరుకు కాగితంతో రుద్ది, ఆయనకే అందించాడు.

"జర మీరే కొట్టుండ్రి భాయ్. తప్పు పోరనిది, కర్రది కాదు."

ఖాజా భాయ్ పొడిచాడు. బంతి తిన్నగా గుంతలో పడింది. కర్రను బల్ల మీద దొర్లించి చూశాడు. "గోడకు గుద్దుకున్నా వంకర రాలె! మా కర్రలైతే గోడకు ఆనిస్తెనే వంగుతయ్. షాపు మొత్తానికి చెయ్యి. గానీ ఒక్క షరతు, ఈ పోరన్ని మళ్ల తేవొద్దు."

"గట్లయితే నాకు పనే వద్దు భాయ్" అన్నాడు చారి బాపు. "నన్ను ఈడికి తోల్కొచ్చిందే వాడు. వాడొస్తడు. చేతులు కడిగిచ్చి తోల్కొస్త."

పని పోతుందని తెలిసీ అన్నాడా మాట. నాకు కళ్లు చెమర్చాయి. ఖాజా భాయ్ తల గోక్కుని సరేనన్నాడు.

తర్వాత చాన్నాళ్లు చారి బాపు కర్రలు చేశాడు, నేను మోసుకెళ్లాను. ఖాజా భాయ్ మాత్రం ఏ కర్ర తెచ్చినా, తిన్నగా ఉందో లేదో చూడకుండా ముందు ముక్కు దగ్గర పెట్టుకునేవాడు.

చారి బాపు ఇప్పుడు లేడు. ఆయన పేరు హయత్‌నగర్ దాటి పోనేలేదు. తలుచుకుంటే నాకు ముందు నవ్వొస్తుంది, ఆ వెంటనే చెయ్యి గోడకు ఆనించిన కర్ర మీదికి పోతుంది. ఆయన చేసిన ఆ మొదటి కర్ర నా దగ్గరే ఉంది. దాని మీద చెయ్యేసి ప్రమాణం చేస్తున్నాను: ఈ జన్మలో ఏ కర్రకూ ఆముదం పూయను. సీసాలో మిగిలింది నెత్తికి వాడుకుందామనుకున్నాను గానీ, నా నెత్తి ఇప్పుడు ఆముదం లేకుండానే మెరుస్తోంది.