బోరు తొట్టి మేకలు

ఆ మధ్యాహ్నం మర్రిపాడు దగ్గర మా చిన్నాయన మేకల దొడ్డిలో ఉన్నవాళ్లం ముగ్గురం: చిన్నాయన, ఏడో నెల కడుపుతో మా వదిన, నేను. ఉన్నవి: నా నోటుపుస్తకం, బోరు నీళ్ల పరీక్ష కాగితం, లేచి నిలబడలేని ఏడు మేకపిల్లలు. నిన్న, మందుల విషప్రభావాన్ని ఎలుకల మీద పరీక్షించే మా ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయి ఎలుక పిల్లలను ఒక్కొక్కటిగా లెక్కపెట్టిన పట్టిక తెచ్చి చూపగానే ఇదంతా గుర్తొచ్చింది.

స్టాటిస్టిక్స్ పీజీ అయిపోయిన ఏడాది అది, ఆ వయసులో చాలామందికి ఉండే ధీమాయే నాకూ ఉండేది. బోరు పక్క చేలో కలుపు మందు డబ్బాలు కడిగేవాళ్లు. నీళ్లలో మందు అతి కొద్దిగానే ఉందని కాగితం చెప్పింది గానీ, ఆ కొద్ది ఏం చేస్తుందో చెప్పలేదు. వదిన తాగేదీ ఆ నీళ్లే. అందుకే లెక్క కట్టాను: బోరు తొట్టిలో తాగిన పన్నెండు మేకలకు ఇరవై పిల్లలు, లేవలేనివి ఏడు; వాగు నీళ్లు తాగిన పన్నెండింటికి ఇరవై, లేవలేనిది ఒకటి. ఇది ఊరికే వచ్చిన తేడా కాదని సూత్రం తేల్చింది. ఆ మాట చెప్పగానే వదిన చెయ్యి కడుపు మీదికి పోయింది.

"పిల్లల్ని లెక్కేసినావేందిరా? తల్లుల్ని లెక్కెయ్," అన్నాడు చిన్నాయన. "ఈ ఏడు పిల్లలూ మూడు మేకలవే. మూడు ఈనింది ఒకటి, రెండేసి ఈనినవి రెండు. తల్లి నీరసంగా ఉంటే కడుపులోవన్నీ నీరసమే గదా. ఏం చదివినావో ఏమో!"

నిజమే. ఒక తల్లి పిల్లలను వేర్వేరు సాక్షులుగా లెక్కపెట్టాను. తల్లుల లెక్కన బోరు వైపు పన్నెండింటిలో మూడు, వాగు వైపు పన్నెండింటిలో ఒకటి. అంత తేడా ఊరికే కూడా రావచ్చు. ఊరట కలగాల్సింది పోయి భయం రెట్టింపయింది, ఎందుకంటే తేడా తేలలేదంటే నీళ్లు మంచివని కాదు, పన్నెండు మేకలు చాలలేదని.

"అయితే తాగమంటావా, వద్దంటావా అబ్బయా? ఒక్క మాట చెప్పు," అంది వదిన.

నేను నోటుపుస్తకం తిప్పి, ఇంకెన్ని మేకలుంటే తేలుతుందో లెక్క కట్టడం మొదలుపెట్టాను.

మిగిలిన రెండు నెలలూ మా అన్న ఆత్మకూరు నుంచి బండి మీద నీళ్ల క్యాన్లు తెచ్చాడు. అప్పటికే తాగిన నీళ్ల సంగతి ఇంట్లో ఎవరమూ ఎత్తలేదు.

ఇప్పుడు ఆ బోరు మూసేశారు, ఇంటిల్లిపాదీ క్యాన్ నీళ్లే తాగుతారు, నా దగ్గర వేల ఎలుకల లెక్కలు తల్లుల వారీగా, మోతాదుల వారీగా ఉన్నాయి. అయినా వదిన ఇవాళ అడిగినా నా దగ్గర ఆ ఒక్క మాట లేదు. సూత్రం తేల్చిందంటే తేలినట్టేనని నమ్మిన ఆ కుర్రవాణ్ణి తలచుకుంటే ఒక్కోసారి అసూయగా ఉంటుంది.

అప్పట్లో వదిన కాన్పు ఆత్మకూరులో జరిగింది. రెండున్నర కిలోలుంటే భయం లేదని నర్సు ముందే చెప్పింది. పాప బరువు రెండు కిలోల నాలుగు వందల యాభై గ్రాములు.